మునిసిపల్ కాకి

వేమవరప్పాడులో కాకులు లేకపోవడానికి కారణం మునిసిపాలిటీ. ఇందులో రెండో మాట లేదు. గవర్రాజు ఈ సంగతి మీద ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. ఎండ కాస్తోందా లేదా అని ఎవరైనా వాదిస్తారా?

గవర్రాజు కాలవ లాకు దగ్గర లస్కరుగా చేసి దిగిపోయినవాడు. పడవ వస్తే లాకు తలుపులు తెరవడం, వెళ్లాక మూయడం అతని ఉద్యోగం. పడవలు రావడం మానేశాక కూడా చాలాకాలం ఆ ఉద్యోగం ఉంది. నోటి విషయంలోనూ అతనిది అదే పద్ధతి. ఏదైనా వస్తేనే తెరిచేవాడు.

ఒక ఏడు పరిశుభ్ర పట్టణాల పోటీ పెట్టారు. చెత్త మీద వాలే పక్షులు కనిపిస్తే మార్కులు తగ్గిస్తామని నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. చెత్త తీసేస్తే పక్షులు వాలవు కదా అని ఆ వాక్యం రాసినవాడి ఉద్దేశం. పక్షుల్ని తీసేస్తే చెత్త ఉన్నా ఫరవాలేదని కమిషనరు గారి అవగాహన. చెట్ల కొమ్మలు కొట్టించారు, గూళ్లు దింపించారు, టపాకాయలు కాల్పించారు, మనుషుల్ని పెట్టి పొద్దస్తమానం రేకు డబ్బాలు వాయించారు. కాకులు కొన్నాళ్లు ఓర్చుకుని, ఆనక కాలవ దాటి గరువుపాలెం వెళ్లిపోయాయి. చెత్త ఉన్నచోటే ఉంది. బహుమతి వచ్చింది.

ఊళ్లో మనుషులు మాత్రం చావడం మానలేదు.

మనిషి పోతే దినం నాడు కాలవ రేవులో పిండం పెట్టాలి. దాన్ని కాకి ముట్టాలి. ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు పిండం ముందు నిలబడి, నీ చిన్నకొడుకుని మేం చూసుకుంటాం, నీ గొడ్లకి లోటు రానివ్వం అని మాటలిస్తారు. కాకి ముట్టాకే బంధువులు విస్తళ్ల ముందు కూచోవాలి. అందుకే ఆ రేవులో జనం ఇచ్చినంత తొందరగా, ధారాళంగా ఇంకెక్కడా మాటలివ్వరు. కడుపులో ఆకలి అలాంటిది.

కాకులు పోయాక రేవులో పిండాలు ఎండలో ఆరిపోవడం మొదలైంది. దర్భగడ్డితో చేసిన కాకితో సరిపెట్టుకోవడానికి మనసొప్పక, జనం పిండాలు పట్టుకుని ఆటోల్లో గరువుపాలెం వెళ్లారు. అక్కడి కాకులు ముందు సంబరపడి, తర్వాత కొవ్వెక్కి, నెయ్యి చాలలేదని కొన్ని పిండాలను వాసన చూసి వదిలేశాయి. గరువుపాలెం వాళ్లకి ఒళ్లు మండింది. మీ చావులు మీరు చావండి, మా కాకుల్ని చెడగొట్టకండి అని వంతెన మీద అడ్డంగా కూచున్నారు. మునిసిపాలిటీ కూడా ఇటువైపు ఒక కాపలా మనిషిని పెట్టి, పిండాల అక్రమ రవాణా నిషేధమని బోర్డు రాయించింది.

ఆ తర్వాత ఒక కమిటీ వేశారు. యాంత్రిక వాయస సేవా పథకం అని పేరు పెట్టారు. కాకి అంటే పథకానికి హుందాతనం రాదని వాయసం అన్నారు. ప్రాజెక్టు అధికారిగా నోరి ఉదయభాస్కర్ గారిని పైనుంచి పంపారు. ఆయన చదువుకున్నది మరమనుషుల గురించి. మామూలు మనుషులతో కూడా అలాగే మాట్లాడేవారు.

కాకి తయారైంది. నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, గాజు కళ్లు, ముక్కులో చిన్న కాటా, తోక కింద ఛార్జింగు పెట్టే బెజ్జం. మొదటిరోజు పరీక్షకి పెడితే ముందున్న పిండం తినేసింది. పక్కన పిండం తినేసింది. పంతులు గారు తనకోసం పక్కన పెట్టుకున్న అరటిపండు కూడా పొడిచింది. జనం సంతోషించారు. కమిటీ సంతోషించలేదు. ఎవరి పిండమైనా తినేస్తే చచ్చినవాడి తృప్తి తేలేదెలాగ అని ఒక సభ్యుడు లేవదీశాడు. అర్హత లేని పిండాలకు కూడా లబ్ధి చేకూరుతుందని ఇంకొకాయన భయపడ్డాడు. కాకికి విచక్షణ కల్పించాలని తీర్మానించారు.

విచక్షణ కల్పించడానికి ఉదయభాస్కర్ గారికి నాలుగు నెలలు పట్టింది. ప్రారంభోత్సవంలో ఆయన మైకు పట్టుకుని చెప్పారు. "సహజ కాకి అంచనా మీద పనిచేస్తుంది. మన వాయసం ఆధారం మీద పనిచేస్తుంది."

ఆధారం అంటే పోయినవాళ్ల ఫోను. ఎవరితో ఏం మాట్లాడారు, ఏం వెతికారు, ఏం చూశారు, ఎక్కడ ఆపేశారు, అంతా కాకి లోపలికి ఎక్కిస్తారు. దాన్నుంచి కాకి ఆ మనిషి కోరికలేమిటో తేలుస్తుంది. అవి తీరినట్టు రుజువు చూపిస్తే పిండం ముడుతుంది. లేకపోతే తల అటు తిప్పుకుంటుంది. ఆ తల తిప్పుకోవడం ఎంత సహజంగా వచ్చిందంటే, చూసినవాళ్లందరికీ కమిషనరు గారు గుర్తొచ్చారు.

మొదట పోయినవాడు ధాన్యం కమిషన్ వ్యాపారి భీమారావు. చనిపోయే ముందురోజు ఊటీలో చలి ఎంతుందని ఫోనులో చూశాడు. ఎందుకు చూశాడో ఎవరికీ తెలీదు. కాకి తల తిప్పుకుంది. కొడుకులిద్దరూ గుండ్లతోనే ఊటీ వెళ్లి, స్వెట్టర్లు వేసుకుని, తండ్రి ఫోటోని బొటానికల్ గార్డెన్లో తిప్పి తీసుకొచ్చారు. కాకి ముట్టింది. పెద్దకొడుకుకి జలుబు చేసింది.

తర్వాత ఆదెమ్మ. ఆవిడ ఫోనులో సీరియల్ చూసేది. ఆ సీరియల్లో కథానాయిక గతం మరిచిపోయి ఉంది. అది గుర్తుకు రాకముందే ఆదెమ్మ పోయింది. కథానాయికకి జ్ఞాపకం రావడమే మృతురాలి చివరి కోరిక అని కాకి తేల్చింది. మునిసిపాలిటీ టీవీ వాళ్లకి రాసింది. ప్రేక్షకాదరణ ఉన్నంతకాలం జ్ఞాపకం వచ్చే అవకాశం లేదని వాళ్లు జవాబిచ్చారు. ఆదెమ్మ పిండం ఇప్పటికీ మునిసిపల్ ఆఫీసు ఫ్రిజ్జులో ఉంది. పక్కన ఉద్యోగుల మజ్జిగ సీసాలు ఉంటాయి.

ఊళ్లో ముసలాళ్లకి సంగతి అర్థం కావడానికి ఎక్కువకాలం పట్టలేదు. పొద్దున్నే అరుగు మీద కూచుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, కోడళ్లకు వినపడేలా కోరికలు చెప్పుకోవడం మొదలెట్టారు. నాకు రోజూ పెసరట్టు తినాలని ఉంది. నా చిన్నకోడలు నన్ను అత్తయ్యా అని పిలవగా వినాలని ఉంది. ఆ పక్కింటి సూరమ్మ కంటే ముందు నేను పోకూడదని ఉంది. వేమవరప్పాడు కోడళ్లు అత్తల్ని అంత మర్యాదగా చూసిన కాలం అంతకుముందు లేదు. వృద్ధుల సంక్షేమం కూడా పథకం సాధించిన ఫలితాల్లో ఒకటని ఉదయభాస్కర్ గారు నివేదిక పంపారు.

గవర్రాజు భార్య వరహాలు ఇదంతా చూసి నవ్వేది. నీకూ ఒక ఫోను కొననా అని అతను ఒకసారి అడిగాడు. "ఎవరితో మాట్లాడను? నువ్వున్నావుగా" అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆ వానాకాలం వెళ్లేముందు వరహాలుకి జ్వరం వచ్చింది. తగ్గుతుందన్నారు. తగ్గలేదు.

వాళ్లకి పిల్లల్లేరు. కర్మ గవర్రాజే చేశాడు. దినం నాడు బంధువులందరూ రేవుకొచ్చారు. వరహాలు తమ్ముడు పెంటయ్య ముందే వచ్చి, వంటవాళ్ల మీద పెత్తనం తీసుకున్నాడు. అచ్యుతం పంతులు గారు మంత్రం చెప్పారు. గవర్రాజు తడిబట్టతో పిండం పెట్టి పక్కకి జరిగాడు. రేవులో దానికోసం పాతిన ఇనప స్తంభం మీంచి కాకి దిగింది. పిండం దగ్గరికి రాలేదు, తల తిప్పుకోనూ లేదు. ఉన్నచోటే నిలబడి సన్నగా మోగింది.

పక్కనున్న పథకం వాళ్ల రేకు షెడ్డులోంచి ఉదయభాస్కర్ గారు బయటికొచ్చారు. అమ్మగారి ఫోను ఇప్పించండి, సమాచారం రావడం లేదు అన్నారు.

"లేదు" అన్నాడు గవర్రాజు.

"పోయిందా?"

"ఎప్పుడూ లేదు."

"మరి ఎవరితో మాట్లాడేవారు?"

"నాతో."

"అది ఎక్కడ రికార్డయింది?"

గవర్రాజు ఆయన మొహంలోకి చూశాడు. ఆయన హాస్యానికి అనలేదు.

ఉదయభాస్కర్ గారు వివరించారు. కోరిక ఉన్నట్టు రుజువు కావాలి. అది తీరినట్టు రుజువు కావాలి. రెండూ ఉంటేనే వాయసం కదులుతుంది. ఆవిడ ఏదీ అడిగే మనిషి కాదని గవర్రాజు చెప్పాడు. ఆయన కాసేపు తన పలక లాంటి కంప్యూటరులో చూసి తల పంకించారు.

"కోరికలు లేని స్థితిని మా వ్యవస్థ మోక్షం కింద గుర్తిస్తుంది. మోక్షం మా పరిధిలోకి రాదండీ. అది దేవాదాయ శాఖ."

పంతులు గారు కల్పించుకున్నారు. కాకి రానప్పుడు దర్భతో కాకిని చేసి ముట్టించి ముగించమని పెద్దలు దారి చూపించారు, మా తాతగారి కాలం నుంచి అదే చేస్తున్నాం అన్నారు. దర్భ కాకి మాన్యువల్ పద్ధతి అని, అది రద్దయిందని, ఎవరైనా చేస్తే సమాంతర వాయస వ్యవస్థ నడిపినట్టు అవుతుందని ఉదయభాస్కర్ గారు హెచ్చరించారు. పంతులు గారు చేతిలో దర్భలు సంచిలో పెట్టేసుకున్నారు. ఆయనకి ఆ రేవులో ఇంకా చాలామంది చావుల పని ఉంది.

ఎండ నడినెత్తికొచ్చింది. గట్టు మీద గుండిగల్లోంచి పప్పు, గుమ్మడికాయ కూర వాసన వస్తోంది. బంధువులు ముందు నిట్టూర్చారు, తర్వాత గొణిగారు, తర్వాత వరహాలుని తప్పుపట్టడం మొదలెట్టారు. అంత ఏమీ అడక్కుండా బతకడం కూడా మంచిది కాదు అందొకావిడ.

అప్పుడు ఉదయభాస్కర్ గారు ఒక వెసులుబాటు బయటపెట్టారు. పోయినవాళ్లకి ఆధారం లేకపోతే బంధువులు ప్రతినిధి కోరికలు చెప్పవచ్చు. నలుగురు ఔనంటే వాయసం దాన్ని నిజమని స్వీకరిస్తుంది.

అంతే. జనంలో కదలిక వచ్చింది. మా అక్క తన పాడిగేదె నా దొడ్లో ఉండాలని ఎప్పుడూ అనేది అన్నాడు పెంటయ్య. తన ఇత్తడి కాగు నాకు ఇవ్వాలని అత్త మనసులో ఉండేదని మేనకోడలు కళ్లొత్తుకుంది. తమ ఇంటి మురుగు వీళ్ల దొడ్లోంచి పోతే వరహాలమ్మ ఆత్మ శాంతిస్తుందని పొరుగింటాయన చెప్పాడు. ఒకళ్ల మాటకి ఇంకొకళ్లు ఔనన్నారు. ఔననకపోతే తమ మాటకి ఔననేవాళ్లు ఉండరు. కాకి కళ్లు పచ్చగా వెలిగాయి. రెక్కలు కూడా కాస్త లేచాయి.

కోరికలు నమోదయ్యాయి, భర్త గారు నెరవేరుస్తానంటే చాలు అన్నారు ఉదయభాస్కర్ గారు. అందరూ గవర్రాజు వైపు చూశారు.

"ఇవేవీ దాని కోరికలు కాదు" అన్నాడు.

పెంటయ్య దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. "గేదెని నీకు పితకడం కూడా రాదు బావా. ఔననెయ్యి. జనం అన్నానికి కూచుంటారు."

"గేదెని తోలుకుపో. నాకు గడ్డి వేసే ఓపిక లేదు. కానీ అది దాని కోరిక అనకు."

"మరి అక్క కోరికేంటో నువ్వు చెప్పు."

గవర్రాజు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

ఉదయభాస్కర్ గారు అది గమనించారు. ఆయనకి గెలిచిన సంతోషం కూడా లేదు. యంత్రం కాగితం చదివినట్టు చెప్పారు. "మీ ఇబ్బంది నాకు అర్థమవుతోందండీ. ఆవిడకి ఏది వద్దో మీకు తెలుసు. ఏది కావాలో తెలీదు. మా వాయసానికి రెండోదే కావాలి."

కాకి తిరిగి స్తంభమెక్కింది. బంధువులు గట్టు వెనక్కి వెళ్లి, చూసేవాళ్లు ఎవరూ లేరన్న నమ్మకంతో భోంచేశారు. వరహాలమ్మని పెండింగ్ మృతురాలిగా నమోదు చేశామని సాయంత్రానికి మునిసిపాలిటీ నుంచి కబురొచ్చింది. అంటే పోయారా లేదా అని గవర్రాజు ఆ కబురు తెచ్చినవాణ్ణి అడిగాడు. పోయారు కానీ ఆమోదం రాలేదు అన్నాడు వాడు.

మర్నాటి నుంచి గవర్రాజు అరుగు మీద కూచుని ఆలోచించాడు. ఇది అతనికి అలవాటు లేని పని. చీర తెస్తే ఉన్నాయిగా అనేది. తీర్థానికి వెళదామా అంటే గేదెని ఎవరు చూస్తారు అనేది. ఏం వండను అని అడిగేది. ఏం తింటావ్ అని ఆమెను అడిగినవాళ్లు ఎవరన్నా ఉన్నారేమో అతనికి తెలీదు. ఆ ఆలోచన దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి గేదెకి నీళ్లు పెట్టేవాడు. గేదె ఇంకా అక్కడే ఉంది. కోరిక అనడానికి వీల్లేదన్నాక పెంటయ్య అలిగి తోలుకుపోలేదు.

ఒకరోజు ఒకటి తట్టింది. లాకు దగ్గరికి వరహాలు క్యారేజీ తెచ్చేది. అతను తింటుంటే గట్టు మీద కూచుని పడవలు చూసేది. కొబ్బరికాయల పడవ, కంకర పడవ, మనుషుల పడవ. లాకులో నీళ్లు నిండి పడవ పైకి లేస్తుంటే, ఆ లేచేటప్పుడు లోపల ఎలా ఉంటుందో అంది ఒకసారి. అతను మజ్జిగ పోసుకుంటున్నాడు. ఎలా ఉంటుంది, పడవలో ఉన్నట్టే ఉంటుంది అన్నాడు. ఆమె మళ్లీ అనలేదు. ఎన్నో ఏళ్లు, ఎన్నో పడవలు. ఒక్కటీ ఎక్కలేదు.

అది కోరికో, ఊరికే అన్న మాటో అతనికి తెలీదు. వేరే ఏదీ లేదు కాబట్టి వెళ్లి ఉదయభాస్కర్ గారికి చెప్పాడు. చెప్పిన తర్వాత, చెప్పకుండా ఉండాల్సింది అనిపించింది. ఆయన కళ్లు అప్పటికే పచ్చగా వెలుగుతున్నాయి.

కోరిక దొరికింది. ఔననడానికి నలుగురూ దొరికారు. తీరినట్టు రుజువు కావాలంటే మృతురాలు పడవ ఎక్కిన ఫోటో ఉండాలి. మృతురాలు ఎక్కలేరు. దీని మీద సమావేశం జరిగింది. భర్త గారి మాటతో తయారైన అమ్మగారి మనోభావ నమూనా వాయసంలోనే భద్రమై ఉంది కాబట్టి, వాయసం పడవెక్కితే అమ్మగారు ఎక్కినట్టేనని ఉదయభాస్కర్ గారు ప్రతిపాదించారు. వాయసం పడవ దిగి, తృప్తి చెంది, అందరి కళ్లముందూ గట్టు మీద పిండం స్వీకరిస్తుంది. రాష్ట్రంలో ఇదే మొదటిసారి అని కమిషనరు గారు ఆమోదించారు. దేనికి మొదటిసారో ఆయన చెప్పలేదు.

పర్యాటకం వాళ్ల దగ్గర్నుంచి ఒక పడవ తెప్పించారు. పూలు కట్టారు. లాకు గట్టు మీద షామియానా వేశారు. సన్నాయి మేళం వచ్చింది. ఏం వాయించమంటారు, ఇది శుభమా అశుభమా అని సన్నాయి ఆయన అడిగితే, అభివృద్ధి కార్యక్రమం అన్నారు. ఆయన ఆలోచించి పెళ్లిపాట ఎత్తుకున్నాడు.

పడవ మధ్యలో కుర్చీ వేసి, కాకిని కూచోబెట్టి శాలువా కప్పారు. కమిషనరు గారు ఎక్కారు. చైర్‌పర్సన్ గారి తరఫున వారి భర్త ఎక్కారు. ఉదయభాస్కర్ గారు, ఫోటోగ్రాఫరు, ఇద్దరు కౌన్సిలర్లు, మృతురాలి రక్తసంబంధీకుడి హోదాలో పెంటయ్య ఎక్కారు. గవర్రాజు ఎక్కబోతే చోటు చాలదన్నారు. మీరు గట్టు మీద పిండం దగ్గర ఉండండి, వాయసం అక్కడికే వస్తుంది అన్నారు.

అతను వెళ్లి కూచున్నాడు. విస్తరాకులో పిండం, దాని మీద నాలుగు నువ్వులు. పక్కన పాత లాకు కమ్మీలు.

పడవ లాకులోకి వెళ్లింది. నీళ్లు వదిలారు. పడవ మెల్లిగా పైకి లేవడం మొదలైంది. ఉదయభాస్కర్ గారు కాకి తలమీద చెయ్యి పెట్టి, అమ్మగారి సంతృప్తి సగానికొచ్చింది అని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. సంతృప్తి ముప్పాతికకి వచ్చిందన్నప్పుడు ఫోటోగ్రాఫరు అందర్నీ కాకి వైపు జరగమన్నాడు. ఎవరి మొహం పడకపోతే వాళ్లకి కోపం. అందరూ ఒకేసారి జరిగారు. కమిషనరు గారు మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువ జరిగారు.

పడవ పక్కకి వొరిగింది. మనుషులు నీళ్లలో పడ్డారు. లాకు పూర్తిగా నిండలేదు, నీళ్లు గుండెల్దాకా వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కాకి మాత్రం శాలువాతో సహా మునిగింది. అది ఈదడం గురించి కమిటీ చర్చించలేదు. వాయసాన్ని చూడండి, ముందు వాయసాన్ని చూడండి అంటూ ఉదయభాస్కర్ గారు పీకల్దాకా వంగి కాళ్లతో వెతుకుతున్నారు. జనమంతా లాకు అంచుకి పరిగెత్తారు. షామియానా కింద సన్నాయి ఆయన ఎవరూ ఆపమనలేదు కాబట్టి వాయిస్తూనే ఉన్నాడు.

గవర్రాజు లేవలేదు. విస్తరాకు ముందే ఉన్నాడు.

కాలవ అవతల, గరువుపాలెం వైపు నుంచి ఒకటి ఎగురుకుంటూ వచ్చింది. నల్లగా, బక్కగా, మెడ దగ్గర బూడిదరంగు. కమ్మీ మీద వాలింది. అటు గోల చూసింది. ఇటు విస్తరాకు చూసింది. ఒంటికన్నుతో అతణ్ణి చూసింది.

అతనికి మాటలివ్వాలని తెలుసు. ఏం మాటివ్వాలో తెలీలేదు. ఎవరికీ వినపడనంత మెల్లిగా అన్నాడు.

"నీకేం కావాలో నాకు తెలీదే. ఆకలేస్తే తిను. లేకపోతే లేదు. నేనెక్కడికీ పోను, ఇక్కడే కూచుంటాను."

కాకి కిందికి దూకింది. రెండు గంతులు వేసి, మెడ చాచి, ఒక ముక్క తీసుకుంది. వెనక్కి జరిగింది. అతను కదలకపోయేసరికి మళ్లీ వచ్చింది. తాపీగా, ఎవరో వడ్డిస్తుంటే తిన్నట్టు, మొత్తం తిన్నది. ముక్కు కమ్మీకి రుద్దుకుని కాలవ దాటి వెళ్లిపోయింది.

లాకులోంచి ప్లాస్టిక్ కాకిని తీసేసరికి పొద్దు వాలింది. దాని కళ్లలో నీళ్లు నిండాయి. అప్పుడు ఎవరో గట్టు వైపు చూసి పిండం లేదన్నారు. విస్తరాకు మీద ఒక ఈక ఉంది. నిజం ఈక.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. మునిసిపల్ సమావేశ మందిరంలో కమిషనరు గారు మధ్యలో, ఉదయభాస్కర్ గారు ఒక పక్క, చైర్‌పర్సన్ గారి తరఫున వారి భర్త ఇంకో పక్క కూచున్నారు. గవర్రాజుని ఎదురుగా బల్ల మీద కూచోమన్నారు. పెంటయ్యని వెనక నిలబడనిచ్చారు.

ఈ పురపాలక పరిధి సహజ కాకులు లేని ప్రాంతమని ప్రభుత్వం గుర్తించిందని, అందువల్లే పథకం మంజూరైందని, కాబట్టి సంఘటన జరిగిన చోట కాకి ఉండే అవకాశం లేదని కమిషనరు గారు ముందుగా తెలియజేశారు. ఇక తేలవలసింది పిండం ఏమైందన్నదే అన్నారు.

ఉదయభాస్కర్ గారు అతనికి దారి చూపించడానికి ప్రయత్నించారు. సహజ కాకి ముట్టిందని మీరంటే చిక్కు వస్తుంది. అనుమతి లేని కాకి ముట్టిన పిండం చెల్లదు. అమ్మగారు మళ్లీ పెండింగులోకి వెళతారు. ఆ కాకిని గుర్తించి, పట్టి, గూడు దింపించాలి, మనుషులూ వలలూ సిద్ధంగా ఉన్నాయి. అలా కాకుండా, నీళ్లలో పడేముందు మా వాయసమే స్వీకరించింది అని ఒక్క మాటంటే ఫైలు ఈ పూటే మూసేస్తాం. అమ్మగారికి పూర్తి తృప్తి కలిగినట్టు ధ్రువపత్రం ఇస్తాం. మా వాయసం చివరి సేవగా అది చరిత్రలో ఉంటుంది.

వెనకనుంచి పెంటయ్య వంగాడు. "అనెయ్యి బావా. ఒక్క మాట. అక్క పేరు ఆ పెండింగులోంచి బయటపడుతుంది. నీకేం పోయింది?"

గవర్రాజు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. నిజం చెబితే వాళ్లు వలలు పట్టుకుని కాలవ దాటి వెళతారు. అబద్ధం చెబితే వరహాలు ఆ ప్లాస్టిక్ ముక్కుతో తిన్నట్టవుతుంది. రెండింటిలో ఏది చెప్పినా ఆమెను వీళ్ల చేతిలో పెట్టినట్టే.

"చెప్పండి. పిండాన్ని ఎవరు ముట్టారు?" అన్నారు కమిషనరు గారు.

"ముట్టాల్సినవాళ్లు ముట్టారు."

"ఎవరో చెప్పాలి."

"చెప్పను."

"పిండం ముందు మీరు ఏదో అన్నారని సన్నాయి ఆయన చెప్పాడు. పెదాలు కదిలాయట. ఏమన్నారు? ముట్టేలా చేసిన మాట ఏమిటో తెలిస్తే కొత్త వాయసంలో పెడతాం. మీలాంటి వాళ్లకి ఎంతోమందికి ఉపకారం" అన్నారు ఉదయభాస్కర్ గారు. ఆ ఒక్కసారి ఆయన గొంతులో నిజంగానే అడుగుతున్న ధ్వని ఉంది.

గవర్రాజు లేచి తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

"నా పెళ్లానికి చెప్పాను. మీకు కాదు. నేను ఇక్కడ మాట్లాడను, బయట మాట్లాడను, నా వెనకున్న వీడితోనూ మాట్లాడను. మళ్లీ దీని గురించి నన్నడక్కండి."

మృతురాలు పెండింగులోనే ఉంటారు, ఆలోచించుకోండి అన్నారు కమిషనరు గారు. ఉంచుకోమని చెప్పడానికి కూడా అతను వెనక్కి తిరగలేదు. మెట్ల మీద పెంటయ్య అడిగాడు, దారిలో అడిగాడు, ఇంటి గుమ్మం దగ్గర మళ్లీ అడిగాడు. గవర్రాజు లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత అడగనివాళ్లు ఊళ్లో లేరు. చెప్పించినవాళ్లూ లేరు.